కరెంటు వచ్చాక కూడా రాని కనెక్షన్: రెండు మిర్చి కోల్డ్ స్టోరేజీల ఎస్‌ఎస్‌హెచ్ టన్నెళ్లపై కేస్ స్టడీ

గుంటూరు శివార్లలో ఉన్న రెండు మిర్చి కోల్డ్ స్టోరేజీలకూ, వాటి యజమాని విజయవాడ గవర్నర్‌పేటలో నడుపుతున్న ఆఫీసుకూ మధ్య ఎస్‌ఎస్‌హెచ్ టన్నెళ్లు, అంటే ఒక యంత్రం నుంచి ఇంకొక యంత్రానికి ఇంటర్నెట్ మీదుగా ఎన్‌క్రిప్ట్ అయి (రహస్య లిపిలో) సాగే దారులు ఉన్నాయి. వాటిని ఏర్పాటు చేసిన టెక్నీషియన్ వేరే ఊరికి మారిపోవడంతో నిర్వహణ పని నా దగ్గరకు వచ్చింది. వచ్చేటప్పుడే రెండు ఫిర్యాదులను వెంటబెట్టుకుని వచ్చింది. మొదటిది, గుంటూరు వైపు కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ కనెక్షన్ చాలాసేపు రాకపోవడం. రెండవది, అకౌంటెంట్ గారు పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టినా అకౌంట్ లాక్ అయిందని విండోస్ చెప్పడం. ఈ రెండింటికీ సంబంధం లేదని అందరూ అనుకుంటున్నారు. కారణాలు వేరైనా, రెండూ ఈ టన్నెళ్లకు మధ్య మజిలీగా ఉన్న అద్దె సర్వర్‌లోని ఒకే సెట్టింగుల ఫైలులో దొరికాయి.

ముందుగా అక్కడి అమరిక చెప్పాలి. ప్రతి కోల్డ్ స్టోరేజీలో బిల్లింగ్‌కు ఒక విండోస్ కంప్యూటర్ ఉంటుంది. ఏ రైతు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) పెట్టారు, ఏ చాంబర్‌లో పెట్టారు, బాండ్ ఎవరి పేరున ఉంది, అద్దె ఎంత బాకీ ఉంది అన్నవన్నీ అందులోనే ఉంటాయి. చాంబర్ల ఉష్ణోగ్రతను నమోదు చేసే పరికరం ఇంకొకటి. దానికి పాస్‌వర్డ్ కూడా లేని ఒక చిన్న వెబ్ పేజీ ఉంది. ఈ రెండింటినీ బయటికి అందించడానికి డెబియన్ అనే లైనక్స్ నడిచే ఒక మినీ కంప్యూటర్‌ను పెట్టారు. యజమాని, అకౌంటెంట్ విజయవాడలో ఉంటారు. 30 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న కంప్యూటర్లను రోజూ తెరిచి చూడవలసిన అవసరం వారికి ఉంటుంది, అందులోనూ యార్డుకు సరుకు పోటెత్తే ఫిబ్రవరి నుంచి మే వరకు ఆ అవసరం గంటగంటకూ పడుతుంది.

రౌటర్‌లోనే పోర్ట్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్లకు నంబరు ఉన్న తలుపు) తెరిచి నేరుగా వెళ్లవచ్చు కదా అని యజమాని అడిగారు. రెండు చోట్లా రౌటర్ బయటి వైపు చిరునామా 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంది. ఈ శ్రేణిని 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6598 ద్వారా ప్రత్యేకంగా ఇంటర్నెట్ కంపెనీల ఉమ్మడి అవసరానికి కేటాయించారు. అంటే మన రౌటర్‌కు సొంత పబ్లిక్ చిరునామా లేదు, కంపెనీ వారి మరొక నాట్ (ఒకే పబ్లిక్ చిరునామాను ఎందరికో పంచే ఏర్పాటు) వెనుక ఎందరో వినియోగదారులతో కలిసి ఉంది. అటువంటి చోట రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటి నుంచి ఎవరూ లోపలికి రాలేరు. లోపలి నుంచి బయటికి మాత్రం ఎప్పుడైనా వెళ్లవచ్చు. రివర్స్ టన్నెల్ ఉపయోగించుకునేది ఈ దారినే: గుంటూరులోని మినీ కంప్యూటర్ తానుగా ముంబైలోని అద్దె సర్వర్‌కు ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ తెరిచి, మైనస్ ఆర్ ఆప్షన్‌తో 'నీ దగ్గర 21001 పోర్టుకు ఎవరైనా వస్తే వారిని ఈ దారిలోనే నా దగ్గరకు పంపు' అని కోరుతుంది. సర్వర్ ఆ పోర్టులో వింటూ కూర్చుంటుంది. ఏటుకూరు రోడ్డు వైపు స్టోరేజీకి 21001, లాలుపురం వైపు దానికి 21002 కేటాయించారు. అమరికలో తప్పు పట్టడానికేమీ లేదు.

రెండు గంటల పదకొండు నిమిషాలు

కనెక్షన్ ఎంతసేపు రావడం లేదని అడిగితే ఎవరికి వారు ఒక్కో సంగతి చెప్పారు. ఏటుకూరు రోడ్డు వైపు దానంతట అదే వస్తుందని, కాకపోతే రెండు గంటలు పైగా పడుతుందని అక్కడి గుమాస్తా చెప్పారు. లాలుపురంలో అసలు రాదని, ఆపి వేసినా రాదని, మధ్యాహ్నం దాకా ఆగి అప్పుడు రీస్టార్ట్ చేస్తే వస్తుందని ఆపరేటర్ చెప్పారు. అకౌంటెంట్ గారి మాట వీటన్నిటికంటే వింతగా ఉంది: "సార్, ఊరుకుంటే రావట్లేదండీ. నేను కూర్చుని మళ్లీ మళ్లీ నొక్కుతూ ఉంటే మాత్రం పావుగంటలో వచ్చేస్తోందండీ." ఇటువంటి మాటను నవ్వి వదిలేసే అలవాటు మా వృత్తిలో ఉంది. అయితే ఆవిడ చెప్పిన పావుగంట, గుమాస్తా చెప్పిన రెండు గంటలు నాకు ఎక్కడో చూసిన అంకెల్లా తోచాయి.

తదుపరి సారి కరెంటు పోయినప్పుడు అద్దె సర్వర్‌లోకి వెళ్లి, ఎస్‌ఎస్ అనే కమాండ్‌ను మైనస్ ఓ ఆప్షన్‌తో నడిపి చూశాను. ఈ కమాండ్ టీసీపీ (డేటా చేరిందని రసీదు తీసుకుంటూ పంపే ఇంటర్నెట్ పద్ధతి) కనెక్షన్లతో పాటు వాటిపై నడుస్తున్న టైమర్లను కూడా చూపిస్తుంది. గుంటూరులో జనరేటర్ వేశారు, మినీ కంప్యూటర్ మళ్లీ బూట్ అయింది, కొత్త కనెక్షన్ కోసం సర్వర్ తలుపు తడుతూనే ఉంది. అయినా కరెంటు పోకముందు ఉన్న పాత కనెక్షన్ ఇంకా 'ఎస్టాబ్లిష్డ్' అనే స్థితిలోనే కనిపించింది. దాని పక్కన ఉన్న టైమర్ పేరు కీప్‌అలైవ్, అది పేలడానికి ఇంకా గంటన్నర మిగిలి ఉంది.

కరెంటు పోయిన యంత్రం వెళ్తున్నానని చెప్పి వెళ్లదు. సెలవు తీసుకునే ప్యాకెట్ ఏదీ రాలేదు కాబట్టి, అవతలి మనిషి మౌనంగా ఉన్నాడనే సర్వర్ భావిస్తుంది. లైనక్స్‌లో టీసీపీ కీప్‌అలైవ్ డిఫాల్ట్ విలువల ప్రకారం, మౌనం 7200 సెకన్లు దాటిన తర్వాతే మొదటి పలకరింపు ప్యాకెట్ వెళ్తుంది. జవాబు రాకపోతే 75 సెకన్లకొకటి చొప్పున మొత్తం తొమ్మిది పంపి, అప్పుడు కనెక్షన్‌ను తెంచుతుంది. 7200కు 675 కలిపితే 7875 సెకన్లు, అంటే 2 గంటల 11 నిమిషాల 15 సెకన్లు. అంతవరకు 21001 పోర్టు పాత కనెక్షన్ చేతిలోనే ఉంటుంది, కొత్తగా వచ్చిన కనెక్షన్ అదే పోర్టును అడిగితే సర్వర్ కాదంటుంది. సొంత పబ్లిక్ చిరునామా ఉన్న యంత్రమైతే, తనకు తెలియని కనెక్షన్‌కు సంబంధించిన ప్యాకెట్ వచ్చినప్పుడు రీసెట్ పంపి సంగతి తేల్చేసేది. ఇక్కడ కంపెనీ వారి నాట్ ఆ ప్యాకెట్లను మధ్యలోనే మింగేస్తోంది.

అకౌంటెంట్ గారి పావుగంట కూడా ఇక్కడే అర్థమైంది. ఆవిడ కనెక్ట్ బటన్ నొక్కగానే ఆ అభ్యర్థన సర్వర్‌లోని 21001కు చేరుతుంది. సర్వర్ దాన్ని చచ్చిపోయిన పాత కనెక్షన్‌లోకి డేటాగా పంపుతుంది. పంపిన డేటాకు రసీదు రాకపోతే నడిచే టైమర్ వేరు. దాన్ని రీట్రాన్స్‌మిషన్ టైమర్ అంటారు, లైనక్స్‌లో డిఫాల్ట్‌గా 15 మళ్లింపుల పరిమితి ఉంటుంది, ఆ లెక్కన కనీసం 924.6 సెకన్ల తర్వాత కనెక్షన్‌పై ఆశ వదులుకుంటుంది. ఆవిడను ఫోన్‌లో ఒక్కసారి నొక్కమని చెప్పి చూస్తూ ఉంటే, ఎస్‌ఎస్ చూపించే టైమర్ పేరు కీప్‌అలైవ్ నుంచి 'ఆన్' అన్నదానికి మారింది, సుమారు పదహారు నిమిషాలకు పాత కనెక్షన్ జాబితా నుంచి మాయమైంది. మళ్లీ మళ్లీ నొక్కవలసిన పని లేదు, ఒక్కసారి చాలు. అయినా ఆవిడ గమనించినది అక్షరాలా నిజం.

ఇక ఏటుకూరు రోడ్డు, లాలుపురం మధ్య తేడా. మొదటి చోట టన్నెల్ సర్వీసు ఫైలులో 'ఎగ్జిట్ ఆన్ ఫార్వర్డ్ ఫెయిల్యూర్' అనే ఆప్షన్‌కు 'యెస్' (అవును) అని రాసి ఉంది. పోర్టు దొరకకపోతే ఎస్‌ఎస్‌హెచ్ వెంటనే బయటకు వచ్చేస్తుంది, లైనక్స్‌లో సర్వీసులను నడిపించే సిస్టమ్‌డీ దాన్ని మళ్లీ నడుపుతుంది, పాత కనెక్షన్ చచ్చే దాకా ఈ ప్రయత్నం సాగి చివరకు ఫలిస్తుంది. రెండవ చోట ఆ ఆప్షన్ లేదు. ఎస్‌ఎస్‌హెచ్ డిఫాల్ట్ ప్రవర్తన ఏమిటంటే, లాగిన్ విజయవంతమై పోర్ట్ ఫార్వర్డింగ్ విఫలమైతే లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి, కనెక్షన్‌ను అలాగే ఉంచుతుంది. బయటి నుంచి చూసేవారికి సర్వీసు పచ్చగా కనిపిస్తుంది, ప్రాసెస్ నడుస్తూనే ఉంటుంది, కావలసిన పోర్టు మాత్రం ఉండదు, మళ్లీ అడగడమూ ఉండదు. ఆపరేటర్ రెండు గంటల లోపల రీస్టార్ట్ చేస్తే మళ్లీ అదే కథ. మధ్యాహ్నం దాకా ఆగడమన్నది ఆయన అనుభవం మీద కనిపెట్టిన పద్ధతి, అది సరైనదే.

సవరణ చిన్నది. అద్దె సర్వర్‌లోని ఎస్‌ఎస్‌హెచ్‌డీ (వచ్చే ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్లను అందుకునే ప్రోగ్రాం) సెట్టింగులలో 'క్లయింట్ అలైవ్ ఇంటర్వెల్' డిఫాల్ట్‌గా సున్నా, అంటే ఎస్‌ఎస్‌హెచ్ స్థాయిలో పలకరింపులే ఉండవు. దాన్ని 20 సెకన్లు చేసి, 'క్లయింట్ అలైవ్ కౌంట్ మ్యాక్స్'ను డిఫాల్ట్ అయిన 3గానే ఉంచాను. జవాబు లేని కనెక్షన్ సుమారు నిమిషంలో తెగుతుంది, పోర్టు ఖాళీ అవుతుంది. మినీ కంప్యూటర్ వైపు 'సర్వర్ అలైవ్ ఇంటర్వెల్'కు కూడా అదే 20 ఇచ్చాను. రెండో వైపు ఎందుకని అడగవచ్చు. కరెంటు పోకుండా రౌటర్ ఒక్కటే ఆగి లేచినప్పుడు మినీ కంప్యూటర్ బతికే ఉంటుంది, పాత దారి పోయిందని దానికీ తెలియదు, చచ్చిన కనెక్షన్‌ను పట్టుకుని అది కూడా కూర్చుంటుంది. అదీ కాక, ఈ పలకరింపుల వల్ల కంపెనీ వారి నాట్‌లో మన కనెక్షన్ ఎంట్రీ మౌనం కారణంగా తుడిచిపెట్టుకుపోకుండా నిలుస్తుంది.

ఈ సవరణలో పొరపాటుకు అవకాశమున్న రెండు సందులు ఉన్నాయి. ఎస్‌ఎస్‌హెచ్‌డీని రీస్టార్ట్ చేసినంత మాత్రాన అప్పటికే ఉన్న సెషన్లు తెగవు, అవి పాత సెట్టింగులతోనే కొనసాగుతాయి; కాబట్టి టన్నెల్ సెషన్లను విడిగా చంపితేనే కొత్త విలువలు వాటికి వర్తిస్తాయి. రెండవది సిస్టమ్‌డీ సంగతి. అది సర్వీసును డిఫాల్ట్‌గా పదోవంతు సెకనులోనే మళ్లీ నడుపుతుంది, పది సెకన్లలో ఐదుసార్లకు మించి లేపవలసి వస్తే ఇక ఊరుకుంటుంది. ఇంటర్నెట్ ఇంకా రాకముందే మినీ కంప్యూటర్ బూట్ అయ్యే చోట ఈ ఐదు ప్రయత్నాలు కనురెప్పపాటులో అయిపోతాయి, ఆ తర్వాత ఎవరైనా వచ్చి చేత్తో లేపాలి. 'రీస్టార్ట్ సెక్' విలువను 15 చేస్తే ఆ పరిమితికి ఎప్పుడూ తగలదు. తెగిన టన్నెల్‌ను మళ్లీ లేపే ఆటోఎస్‌ఎస్‌హెచ్ అనే ప్రోగ్రాం వాడమని చాలామంది సలహా ఇస్తారు. సిస్టమ్‌డీ ఉన్న యంత్రంలో, పైన చెప్పిన 'ఎగ్జిట్ ఆన్ ఫార్వర్డ్ ఫెయిల్యూర్', 'సర్వర్ అలైవ్ ఇంటర్వెల్', 'రీస్టార్ట్ సెక్' మూడూ సరిగా పెట్టిన తర్వాత, దాని అవసరం నాకు కనిపించలేదు.

లాక్ అవుతున్న అకౌంట్

బిల్లింగ్ కంప్యూటర్‌లోని విండోస్ సెక్యూరిటీ లాగ్ తెరిస్తే విఫలమైన లాగిన్‌లను సూచించే 4625 నంబరు ఈవెంట్లు రాత్రీ పగలూ వరుసగా ఉన్నాయి. ఎవరో పాస్‌వర్డ్‌ను ఊహించి కొడుతూ ఉన్నారు, తప్పులు పరిమితి దాటినప్పుడల్లా విండోస్ అకౌంట్‌ను లాక్ చేస్తోంది. అవన్నీ ఎక్కడి నుంచి వచ్చాయని చూస్తే ఒకే చిరునామా ఉంది: అదే గదిలో ఉన్న మినీ కంప్యూటర్‌ది. దాన్ని చూసి మినీ కంప్యూటర్‌కు వైరస్ సోకిందని అక్కడి వారు భయపడ్డారు. పోర్ట్ ఫార్వర్డింగ్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఇందులో వింత లేదు. ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ ప్యాకెట్లను యథాతథంగా మోయదు. బయటి మనిషి టీసీపీ కనెక్షన్ సర్వర్ దగ్గరే ముగుస్తుంది, అందులోని బైట్లు మాత్రమే ఎస్‌ఎస్‌హెచ్ లోపల ప్రయాణిస్తాయి, అవతలి కొసన మినీ కంప్యూటర్ తన పేరు మీద కొత్త కనెక్షన్ తెరిచి వాటిని అందిస్తుంది. అసలు దుండగుడి చిరునామా విండోస్‌కు ఎన్నటికీ కనిపించకపోవడానికి కారణం ఇదే. చిరునామాను బట్టి అడ్డుకునే ఏ ఉపాయమైనా ఇక్కడ మన సొంత దారిని మనమే మూసుకోవడమవుతుంది.

బయటి వారు ఎలా వచ్చారన్నది సర్వర్‌లో తేలింది. 'గేట్‌వే పోర్ట్స్' అనే సెట్టింగ్ డిఫాల్ట్‌గా నో అని ఉంటుంది. అప్పుడు రివర్స్ ఫార్వర్డింగ్ పోర్టులు సర్వర్ తనలో తాను మాట్లాడుకునే 127.0.0.1 చిరునామాలోనే వింటాయి. ఇక్కడ దాన్ని 'యెస్' చేసి ఉంచారు. అకౌంటెంట్ గారు ఏ ప్రత్యేక ఏర్పాటూ లేకుండా రిమోట్ డెస్క్‌టాప్‌లో (దూరంలోని కంప్యూటర్ తెరను ఇక్కడ తెరిచే విండోస్ సౌకర్యం) సర్వర్ చిరునామా, 21001 అని కొట్టి లోపలికి వెళ్లాలన్నది ఉద్దేశం కావచ్చు. ఫలితంగా బిల్లింగ్ కంప్యూటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ వినే 3389 పోర్టు లోకం మొత్తానికి తెరుచుకుని ఉంది. నంబరు మార్చినంత మాత్రాన అది దాగదు, పోర్టులను జల్లెడపట్టే ప్రోగ్రాములు ఏ నంబరునూ వదలవు. రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసులోనే లోపం బయటపడిన సందర్భాలు ఉన్నాయి. 2019 మే నెలలో మైక్రోసాఫ్ట్ సవరించిన బ్లూకీప్ లోపానికి పాస్‌వర్డ్ కూడా అవసరం లేదు. నాట్ వెనుక భద్రంగా ఉన్న యంత్రాన్ని, భద్రత కోసం పుట్టిన ఎస్‌ఎస్‌హెచ్‌తోనే నడివీధిలో నిలబెట్టడమన్నది నేను ఇతర చోట్లా చూస్తున్న సంగతి, తక్కువేమీ కాదు. గేట్‌వే పోర్ట్స్‌ను తిరిగి నో చేయగానే 4625 ఈవెంట్లు ఆగిపోయాయి.

తలుపు మూశాక, లోపలికి వెళ్లవలసిన వారికి వేరే దారి వేయాలి. తేలికైన పద్ధతి ఏమిటంటే, అకౌంటెంట్ లాప్‌టాప్ నుంచి సర్వర్‌కు మైనస్ ఎల్ ఆప్షన్‌తో ఇంకొక టన్నెల్ వేసి, అక్కడి 21001తో కలపడం. అది పనిచేస్తుంది, కానీ రెండు టన్నెళ్లూ సర్వర్ దగ్గర ముగుస్తాయి కాబట్టి మధ్యలో డేటా విప్పి ఉంటుంది. రిమోట్ డెస్క్‌టాప్‌కు తన సొంత ఎన్‌క్రిప్షన్ ఉంది, ఉష్ణోగ్రత పేజీకి లేదు. అద్దె సర్వర్‌ను అంతగా నమ్మవలసిన అవసరం మనకు లేదని నా అభిప్రాయం. అందువల్ల రివర్స్ టన్నెల్‌లో మినీ కంప్యూటర్ 22వ పోర్టును, అంటే దాని ఎస్‌ఎస్‌హెచ్‌ను మాత్రమే పైకి పంపాను. లాప్‌టాప్ నుంచి వచ్చేవారు మైనస్ జే ఆప్షన్‌తో సర్వర్‌ను ఒక మజిలీగా వాడుకుని, నేరుగా మినీ కంప్యూటర్‌తోనే ఎస్‌ఎస్‌హెచ్ సంభాషణ జరుపుతారు. సర్వర్‌కు కనిపించేది ఎన్‌క్రిప్ట్ అయిన బైట్లే. ఈ ఆప్షన్ 2016లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 7.3తో వచ్చింది. మైనస్ ఎల్ 13389:192.168.1.20:3389 అన్న భాగాన్ని కూడా దానికే జోడిస్తే, లాప్‌టాప్‌లోని 13389కి వచ్చినది కోల్డ్ స్టోరేజీలోని బిల్లింగ్ కంప్యూటర్‌కు చేరుతుంది. ఇందులో మధ్యనున్న చిరునామా మినీ కంప్యూటర్ కళ్లతో చూసిన చిరునామా. అక్కడ లోకల్‌హోస్ట్ ('ఈ యంత్రమే' అని అర్థం) అని రాస్తే అది లాప్‌టాప్ అనుకుని చాలామంది తికమకపడతారు. అది మినీ కంప్యూటరే అవుతుంది.

ఎవరికి ఎంత అనుమతి అన్నది తర్వాతి పని. టన్నెళ్ల కోసం సర్వర్‌లో ఉన్న యూజర్‌కు షెల్ (కమాండ్లు నడిపే సౌకర్యం) తీసేశాను. మైనస్ ఎన్ ఆప్షన్‌తో వచ్చే టన్నెల్‌కు షెల్ అవసరమే లేదు. ఆ యూజర్‌కు 'అలౌ టీసీపీ ఫార్వర్డింగ్'ను రిమోట్‌కు పరిమితం చేశాను, కాబట్టి మినీ కంప్యూటర్ దొంగతనానికి గురైనా దానిలోని ఎస్‌ఎస్‌హెచ్ కీతో (పాస్‌వర్డ్ బదులు పనిచేసే తాళంచెవి ఫైలు) సర్వర్ మీదుగా ఇంకో చోటికి వెళ్లడం కుదరదు. ప్రతి స్టోరేజీ కీ పక్కనా 'పర్మిట్ లిజన్' రాసి, ఏటుకూరు రోడ్డు కీ 21001నూ లాలుపురం కీ 21002నూ తప్ప వేరే పోర్టును అడగలేకుండా చేశాను. ఇది 2018లో 7.8 వెర్షన్‌తో వచ్చిన సౌకర్యం. దీనిలో ఒక మెలిక ఉంది: కమాండ్‌లో వినే చిరునామా ఇవ్వకపోతే క్లయింట్ 'లోకల్‌హోస్ట్' అనే పేరును పంపుతుంది, 127.0.0.1 అని రాస్తే ఆ అంకెలనే పంపుతుంది, సర్వర్ ఈ రెండింటినీ వేర్వేరుగా చూస్తుంది. కీ పక్కన ఒకటి, కమాండ్‌లో ఇంకొకటి ఉంటే టన్నెల్ లేవదు, లాగ్ చూసినవారికి కారణం వెంటనే తట్టదు. అకౌంటెంట్ గారికి మినీ కంప్యూటర్‌లో 'పర్మిట్ ఓపెన్' ద్వారా 3389 ఒక్కటే తెరిచాను. ఆపరేటర్లకు, యజమానికి ఉష్ణోగ్రత పేజీ తెరిచాను. కీలన్నీ ఈడీ25519 రకానివి, లాప్‌టాప్‌ల కీలకు పాస్‌ఫ్రేజ్ తప్పనిసరి చేశాను.

అకౌంటెంట్ గారి వైపు మార్పు తక్కువ. విండోస్ 10లో 2018 నుంచి ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ సిస్టమ్‌తోనే వస్తుంది, పుట్టీ లాంటి వేరే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాం వేయవలసిన పని లేదు. పై ఆప్షన్లన్నీ కాన్ఫిగ్ ఫైలులో రాసి, డెస్క్‌టాప్ మీద స్టోరేజీకొకటి చొప్పున రెండు షార్ట్‌కట్లు పెట్టాను. ఒకటి నొక్కితే నల్ల కిటికీ తెరిచి పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది, ఆ తర్వాత రిమోట్ డెస్క్‌టాప్‌లో 127.0.0.1:13389 ఇవ్వాలి. "ఇదివరకు ఒక్కటే నొక్కేదాన్ని, ఇప్పుడు రెండండీ" అని ఆవిడ అన్న మాట నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు, లాక్ పడటం ఆగినందుకు ఆవిడే సర్దుకున్నారు.

ఏర్పాటంతా అయ్యాక పనివేళలు ముగిసినప్పుడు మినీ కంప్యూటర్ ప్లగ్ లాగి, విడిగా రౌటర్ ప్లగ్ కూడా లాగి పరీక్షించాము. మినీ కంప్యూటర్ ఆగినప్పుడు, అది బూట్ అయి వచ్చేసరికే పోర్టు ఖాళీగా ఉండటం వల్ల టన్నెల్ మొదటి ప్రయత్నంలోనే లేచింది. రౌటర్ ఆగినప్పుడు కొంచెం ఎక్కువ పట్టింది, ఎందుకంటే రెండు కొసలూ విడివిడిగా సంగతి తెలుసుకుని, ఆపైన 15 సెకన్ల విరామం గడవాలి. అయినా ఇంటర్నెట్ వచ్చిన రెండు నిమిషాలలోపే పని జరిగింది. మే నెల గాలివానలకు గుంటూరు వైపు సరఫరా ఎన్నోసార్లు ఆగింది. అకౌంటెంట్ గారి నుంచి ఫోన్ రాలేదు.

కెమెరాలను కూడా ఈ దారిలోనే చూపించమని యజమాని కోరారు. ఎస్‌ఎస్‌హెచ్ పోర్ట్ ఫార్వర్డింగ్ టీసీపీని మాత్రమే మోస్తుంది, కెమెరాల వీడియో తరచుగా రసీదులు అడగని యూడీపీ అనే వేరే పద్ధతి మీద నడుస్తుంది. టీసీపీలో పంపేలా మార్చినా, రాత్రింబవళ్లు నడిచే వీడియో అద్దె సర్వర్ నెలసరి డేటా కోటాను తినేస్తుంది, అదే దారిలో వెళ్లే బిల్లింగ్ తెర అతుక్కుపోతుంది. అవసరమైనప్పుడు ఆగిన చిత్రం ఒకటి చూసుకునేందుకు డీవీఆర్ వెబ్ పేజీని ఆయన ఒక్కరి కీకి తెరిచి, ప్రత్యక్ష ప్రసారానికి వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్‌ను విడిగా చూద్దామని చెప్పాను. ఆయన ఇంకా ఆ ఖర్చుకు సరేననలేదు.